ధ్రువ ప్రాంతపు గని వ్యర్థాల గుట్టల మీద శిలీంధ్రాలు ఎలా బతుకుతాయి? వాటిని చల్లితే గుట్ట పచ్చబడుతుందా?

మీరు అడిగినవి రెండు. ఆర్కిటిక్‌లో మూతపడిన గనుల పక్కన పోసిన వ్యర్థాల గుట్టల మీద కూడా నేల శిలీంధ్రాలు పెరుగుతున్నాయని చదివారు. ఏడాదిలో ఎక్కువ భాగం గడ్డకట్టి ఉండి, మట్టి అనేదే లేక, ఆమ్లం కారే చోట అవి ఎలా నిలుస్తున్నాయన్నది మొదటి ప్రశ్న. వాటిని ల్యాబ్‌లో పెంచి గుట్టల మీద చల్లితే పచ్చదనం త్వరగా వస్తుందా, దాన్ని ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చా అన్నది రెండోది. చలి ప్రాంతాల నేల శిలీంధ్రాల మీద చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. చల్లడం వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. గుట్టలో కొరతగా ఉన్నది శిలీంధ్రాలు కాదు. అవి బతకడానికి కావలసిన నీరు, తిండి, భరించగలిగినంత ఆమ్లత అక్కడ లేవు. వాటి సిద్ధబీజాలు గాలిలో ఏటా వచ్చి పడుతూనే ఉంటాయి. పడ్డవి ఎందుకు నిలదొక్కుకోవడం లేదన్నదే మీరు అడగాల్సిన ప్రశ్న.

ముందు ఏ గని, ఏ రాయి అన్నది తేల్చుకోండి. అన్ని ధ్రువ గనుల వ్యర్థాలూ ఒకటి కావు. కెనడా ఆర్కిటిక్‌లోని నానిసివిక్, పోలారిస్ సీసం-జింక్ గనులు రెండూ 2002లో మూతపడ్డాయి. అక్కడ ఖనిజం కార్బొనేట్ రాళ్లలో ఉంది. ఆ రాయే పుట్టిన ఆమ్లాన్ని చాలావరకు చంపేస్తుంది కాబట్టి అలాంటి చోట లోహాల గురించి ఎక్కువ ఆలోచించాలి. ఆర్కిటిక్‌లోని నార్వే దీవుల సముదాయం స్వాల్‌బార్డ్‌లో బొగ్గు గుట్టల కథ వేరు. అక్కడ బొగ్గుతోపాటు పైకి వచ్చిన షేల్ (పొరలుగా విడిపోయే బురదరాయి), ఇసుకరాళ్లలో ఆమ్లం పుట్టించే పైరైట్ ఖనిజం ఉంటుంది, దాన్ని అణచడానికి చాలినంత సున్నపురాయి చాలాచోట్ల ఉండదు. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో మాంచెగోర్స్క్ చుట్టూ గనులకంటే ఎక్కువ దెబ్బ స్మెల్టర్ (ఖనిజాన్ని కరిగించి లోహం తీసే కర్మాగారం) పొగది. దక్షిణ ధ్రువంలో ఇలాంటి గుట్టల కోసం వెతకకండి. 1991లో సంతకాలై 1998లో అమల్లోకి వచ్చిన మాడ్రిడ్ ప్రోటోకాల్ అంటార్కిటికాలో శాస్త్ర పరిశోధనకు తప్ప ఖనిజాల జోలికి పోకూడదని నిషేధించింది.

ఇక్కడినుంచి నేను ఎక్కువగా స్వాల్‌బార్డ్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తాను, ఎందుకంటే మన విద్యార్థులకు అందుబాటులో ఉన్నది అదే. అక్కడి నీ-ఆలెసుండ్‌లో భారత్ 2008లో హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని తెరిచింది. ఆ ఊరు మొదట బొగ్గు గనుల ఊరే. 1962 నవంబరులో గనిలో జరిగిన పేలుడులో 21 మంది చనిపోయారు, ఆ తర్వాత 1963లో గని మూతపడింది. అరవై ఏళ్లు దాటినా బొగ్గుపొడి పడిన నేలలో నల్లగా, బోడిగా ఉన్న చోట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. లాంగ్‌ఇయర్‌బైన్ దగ్గర ఏడో నంబరు గని 2025లో ఆగింది, నార్వే బొగ్గు తవ్వకం దానితో ముగిసింది. సోవియట్ కాలపు పిరమిడెన్ 1998లోనే ఖాళీ అయింది. అంటే ఒకే దీవుల సముదాయంలో వేర్వేరు వయసుల గుట్టలు దొరుకుతాయి. పరిశోధకుడికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు.

చలి గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. అక్కడి శిలీంధ్రాలకు చలి కొత్త కాదు, చుట్టూ ఉన్న టండ్రాలో అవి వేల ఏళ్లుగా దానికి అలవాటుపడినవే. కణాల్లో చలి నుంచి కాపాడే ట్రెహలోజ్, గ్లిసరాల్, మానిటాల్ అనే చక్కెరల్లాంటి పదార్థాలు కూడబెట్టుకుంటాయి. కణపొర బిగుసుకుపోకుండా అసంతృప్త కొవ్వు ఆమ్లాల వాటా పెంచుకుంటాయి. కొన్ని జాతులు మంచు స్ఫటికాలు పెరగకుండా ఆపే ప్రోటీన్లు తయారుచేస్తాయి. నేల సున్నా కిందికి పోయినా రేణువుల చుట్టూ పలుచటి నీటిపొర ద్రవంగా మిగులుతుంది, టండ్రా మట్టిలో మైనస్ 10 డిగ్రీల దగ్గర కూడా సూక్ష్మజీవుల శ్వాసక్రియను కొలిచారు.

గుట్టలో ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఆ పలుచటి పొరలో ఉండేది మంచినీరు కాదు. నీరు గడ్డకట్టేకొద్దీ లవణాలు, ఆమ్లం, కరిగిన లోహాలు అన్నీ మిగిలిన కాసిని ద్రవంలోకి చేరి చిక్కబడతాయి. టండ్రాలో హాయిగా చలికాలం గడిపే జాతి గుట్టలో అదే ఉష్ణోగ్రత దగ్గర చచ్చిపోవడానికి ఇదొక కారణం.

ఆ ఆమ్లం ఎక్కడిదో చూద్దాం. పైరైట్ అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. భూమి లోపల ఉన్నంతకాలం దానికి గాలి తగలదు. తవ్వి, పగలగొట్టి, గుట్టపోశాక గాలి, నీరు రెండూ తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, ఇనుము కరిగి బయటికొస్తుంది. ఇనుమును ఆక్సీకరించే బ్యాక్టీరియా ఈ పనిని ఎన్నో రెట్లు వేగం చేస్తాయి. ఈ చర్యలో వేడి కూడా పుడుతుంది. లాంగ్‌ఇయర్‌బైన్‌కు దగ్గర్లో ఒక పాత బొగ్గు వ్యర్థాల గుట్టలో ఉష్ణమాపకాలు పాతి చూస్తే, కింద పెర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల) ఉన్నా, బయట ఏడాది సగటు సున్నా కంటే చాలా తక్కువగా ఉన్నా, గుట్ట లోపలి భాగం ఏడాది పొడవునా సున్నాకు పైనే ఉంది.

లోపల వెచ్చగా ఉంది కదా, శిలీంధ్రాలకు మంచిదేగా అనిపిస్తుంది. నిజానికి అది వాటికి కీడే ఎక్కువ చేస్తుంది. చలికాలమంతా లోపల ఆక్సీకరణ నడుస్తూనే ఉంటుంది, పైన మంచు బిగుసుకుని ఉండటంతో తయారైన ఆమ్లం, సల్ఫేట్లు, లోహాలు లోపలే పోగుపడతాయి. వసంతంలో మంచు కరగగానే అదంతా ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. శిలీంధ్రాలు తిరిగి ఎదగడం మొదలుపెట్టే రోజులూ అవే. ఏడాదిలో అతి చెడ్డ నీరు వాటికి సరిగ్గా అప్పుడే తగులుతుంది. అందుకే జూన్‌లో తీసిన నమూనా ఒక కథ చెబుతుంది, ఆగస్టులో తీసింది ఇంకొకటి చెబుతుంది. ఒక్క తేదీన తీసిన నమూనాతో రాసిన నిర్ధారణలను నేను అంత తేలిగ్గా నమ్మను.

శిలీంధ్రాలు ఆమ్లాన్ని బ్యాక్టీరియా కంటే బాగా తట్టుకుంటాయన్న మాట నిజమే, కానీ ఒక హద్దు వరకే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఒకే పొలంలో పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లత పెరిగినట్టు చెప్పే కొలత) 8 నుంచి 4 వరకు మారే పట్టీ మీద కొలిచినప్పుడు 4.5 దాకా దిగేకొద్దీ శిలీంధ్రాల ఎదుగుదల పెరిగింది, బ్యాక్టీరియాది తగ్గింది. 4.5 కంటే కిందికి దిగాక రెండూ పడిపోయాయి. ఆ కింద అల్యూమినియం కరిగి విషమవుతుంది. పైగా అప్పుడే తుప్పుపట్టిన ఇనుప ఆక్సైడ్లు ఫాస్ఫరస్‌ను పట్టేసుకుంటాయి. పీహెచ్ 2 కంటే తక్కువలో కూడా పెరిగే ఆసిడోమైసిస్ లాంటి జాతులు ఉన్నమాట నిజం, అయితే అవి వేరే కోవకు చెందిన నిపుణులు. మొక్కలకు తోడుగా ఉండి నేల తయారుచేసేవి కావు. గుట్ట మీద వాటిని చూసి నేల కోలుకుంటోందని అనుకుంటే పొరపాటు.

ఇక నీరు. స్వాల్‌బార్డ్ విమానాశ్రయం దగ్గర ఏడాదికి వాన, మంచు అన్నీ కలిపి సుమారు 200 మిల్లీమీటర్లే. గుట్టలో ముక్కలు పెద్దవి, మధ్యలో ఖాళీలు ఎక్కువ, పడ్డ నీరు నిలవకుండా దిగిపోతుంది. నల్లటి ఉపరితలం అర్ధరాత్రి సూర్యుడి కింద గాలికంటే బాగా వేడెక్కి ఎండిపోతుంది. ధ్రువ ప్రాంతంలో ఎండకు ఎండిపోవడమేంటి అని వింటున్నవాళ్లకు వింతగా ఉంటుంది, కానీ పై రెండు మూడు సెంటీమీటర్లలో శిలీంధ్రాన్ని ముందుగా చంపేది చాలాసార్లు ఇదే.

ఇక్కడే శిలీంధ్రానికి బ్యాక్టీరియా మీద ఒక పైచేయి ఉంది. వేసవిలో గుట్ట అంచున అరచేతంత రాయిని తిరగేసి చూడండి. పైవైపు తుప్పురంగు పొర ఉంటుంది, వేలితో గీస్తే పొడిగా రాలుతుంది. కిందివైపు సన్నటి ఒండ్రు తడిగా అంటుకుని ఉంటుంది. చేతి లెన్సు పెట్టి చూస్తే ఆ తడిలోంచి నల్లటి, గోధుమరంగు తంతువులు రాతి పగులు వెంట పాకి, అవతల పొడిగా ఉన్న ముక్కను పట్టుకుని ఉండటం కనబడుతుంది. కొన్ని మైక్రోమీటర్ల మందం ఉండే తంతువు గాలి ఉన్న ఖాళీని దాటగలదు. తడి ఉన్న చోట తాగి, ఆ నీటినీ పోషకాలనూ పొడి చోటికి మోయగలదు. బ్యాక్టీరియాకు సాధారణంగా నీటిపొర తెగితే దారి తెగినట్టే. తంతువుల ఆ నలుపు మెలనిన్ అనే రంగు పదార్థానిది. అది అతినీలలోహిత కిరణాల నుంచి, ఎండిపోవడం నుంచి కాపాడుతుంది, లోహాలను కణగోడ దగ్గరే పట్టి ఉంచుతుంది. గుట్టల మీద లేతరంగు జాతులకంటే నల్లటి జాతులు ఎక్కువ కనిపించడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించలేదు.

అన్నిటికంటే పెద్ద అడ్డు తిండి. ఈ విషయంలో విద్యార్థులు తరచూ బోల్తా పడతారు. గుట్ట నమూనాను కాల్చి బరువు తగ్గుదల కొలిస్తే సేంద్రియ పదార్థం బోలెడు ఉన్నట్టు తేలుతుంది. అదంతా బొగ్గు. లాంగ్‌ఇయర్‌బైన్ బొగ్గు సుమారు ఆరు కోట్ల ఏళ్ల నాటిది, పిరమిడెన్‌ది కార్బానిఫెరస్ యుగపుది, ఇంకా చాలా పాతది. లాకేజ్, పెరాక్సిడేజ్ ఎంజైములున్న శిలీంధ్రాలు లిగ్నైట్ లాంటి లేత బొగ్గును కొంత కరిగించగలవు గానీ, ముదిరిన బొగ్గు మీద వాటి పళ్లు పెద్దగా దిగవు. కాబట్టి కాగితం మీద కార్బన్ కుప్పలుగా కనిపిస్తున్నా, శిలీంధ్రం ఆకలితోనే ఉంటుంది.

బొగ్గును నిజంగా తింటున్నాయా అని తేల్చడానికి ఒక చక్కటి దారి ఉంది. కాలం గడిచేకొద్దీ తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్-14 అంత పాత బొగ్గులో మిగలదు, కొత్త మొక్కల అవశేషాల్లో ఉంటుంది. గుట్ట నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్-14 కొలిస్తే పాత కార్బన్ వాటా తెలుస్తుంది. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. గుట్టలో కాస్త సున్నపురాయి ఉన్నా ఆమ్లం దాన్ని కరిగించి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో కూడా కార్బన్-14 ఉండదు. దాన్ని సూక్ష్మజీవుల ఖాతాలో వేసేస్తే మొత్తం తప్పైపోతుంది. పక్కనే కార్బన్-13 (కాలంతో తరగని, కాస్త బరువైన కార్బన్) కూడా కొలవండి. సముద్రంలో ఏర్పడిన కార్బొనేట్ విలువ సాధారణంగా సున్నా పర్ మిల్ (వెయ్యింట వంతు) చుట్టుపక్కల, బొగ్గుది మైనస్ 25 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి రెండూ విడిపోతాయి.

మరి శిలీంధ్రాలకు వాడుకోదగ్గ కార్బన్ ఎక్కడినుంచి వస్తుంది? గాలి మోసుకొచ్చే ఎండుటాకుల తునకలు, నాచు, నీలి-ఆకుపచ్చ శైవలాల పొర, బాతుల్లాంటి బార్నకిల్ గీస్ పక్షుల రెట్టలు, రెయిన్‌డీర్ పేడ. వీటన్నిటికంటే నమ్మకమైన మూలం బతికున్న వేరు. అందుకే నేను గుట్ట నడిమధ్యకంటే గుట్ట, టండ్రా కలిసే అంచును ఎక్కువ చూడమంటాను. గుట్ట శిఖరం మీద దొరికేవి ఎక్కువగా సూడోజిమ్నోఆస్కస్, పెనిసిలియం, క్లాడోస్పోరియం, మార్టియరెల్లా లాంటి ఒంటరి జాతులు, ఏ కాస్త దొరికినా తిని మళ్లీ ముడుచుకునేవి. అంచున సాలిక్స్ పోలారిస్ అనే మరుగుజ్జు విల్లో కనిపిస్తుంది. నేల మీద కొన్ని సెంటీమీటర్లే లేస్తుంది గానీ, వేరు వ్యర్థాల్లోకి చాలా దూరం పోతుంది.

ఆ వేరును మెల్లగా కడిగి, నీళ్లున్న గాజు పళ్లెంలో వేసి స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టండి. మామూలుగా సన్నగా పోవాల్సిన వేరుకొసలు పొట్టిగా, లావుగా, తొడుగు వేసినట్టు ఉంటాయి. అదే ఎక్టోమైకోరైజా, అంటే శిలీంధ్రం వేరుకొసను చుట్టుకుని మొక్కతో కట్టిన జత. కొన్ని కొసలు తెల్లగా, కొన్ని గోధుమరంగులో ఉంటాయి. మధ్యమధ్య బొగ్గులా నల్లటి కొసలు, వాటినుంచి బిరుసు వెంట్రుకల్లా నలువైపులా పొడుచుకొచ్చిన తంతువులు కనబడితే అది దాదాపుగా సెనోకోకమ్ జియోఫిలమ్ అయి ఉంటుంది. అదే వేరును పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి రంగు పోగొట్టి చూస్తే, లోపలి కణాల్లో నల్లటి అడ్డుగోడల తంతువులు, గుత్తులుగా చిన్న గట్టి ముద్దలు కూడా దొరకవచ్చు. వీటిని డార్క్ సెప్టేట్ ఎండోఫైట్లు (వేరు లోపల బతికే నల్లటి శిలీంధ్రాలు) అంటారు. ఫియాలోసెఫాలా, కాడోఫోరా ఈ కోవవే. ఆ మొక్కకు అవి ఎంత మేలు చేస్తాయన్నది చోటును బట్టి, జాతిని బట్టి మారుతుంది. లోహాల నేలల్లో మెలనిన్ వల్ల ఉపయోగం ఉంటుందని అనుకోవడానికి కారణాలు ఉన్నాయి గానీ, ప్రతి ఎండోఫైట్‌నూ స్నేహితుడి లెక్కన రాసేయకండి.

మైకోరైజా లోహాల నుంచి మొక్కను కాపాడుతుందన్నదానికి గట్టి ఆధారం ఉంది. బ్రిటన్‌లో 1981లో ప్రచురించిన ప్రయోగాల్లో, వేళ్లలో ఎరికాయిడ్ మైకోరైజా (శిలీంధ్రం వేరు కణాల లోపల చుట్టలు చుట్టుకునే రకం) ఉన్న హీథర్ మొక్కలు రాగి, జింక్ ఎక్కువున్నా పెరిగాయి, అది లేనివి దెబ్బతిన్నాయి. లోహం వేరులోని శిలీంధ్రపు చుట్టల్లోనే ఆగిపోయి కాండంలోకి తక్కువగా పోయింది. కోలాలో స్మెల్టర్ల దగ్గర మిగతావన్నీ పోయిన చోట కూడా క్రోబెర్రీ పొదలు నిలబడటంలో ఇదే కుటుంబపు శిలీంధ్రాల పాత్ర ఉందని భావిస్తారు. శిలీంధ్రాలు వదిలే ఆక్సాలిక్ ఆమ్లం కూడా ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఒకవైపు రాతిలోంచి ఫాస్ఫరస్‌ను కరిగించి తెస్తుంది. మరోవైపు కొన్ని లోహాలను కరగని ఆక్సలేట్ స్ఫటికాలుగా బిగిస్తుంది.

ఇప్పుడు కొలతల మాట. ఈ మధ్య అందరూ మట్టి తీసి, జాతిని గుర్తుపట్టే ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని సీక్వెన్స్ చేసి, ఇన్ని వందల జాతులు గుట్టను ఆక్రమించాయని రాస్తున్నారు. చలిలో చచ్చిన శిలీంధ్రపు డీఎన్ఏ చాలాకాలం చెడకుండా ఉంటుంది, గాలిలో వచ్చి పడ్డ సిద్ధబీజం డీఎన్ఏ కూడా అందులోనే కలుస్తుంది. పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన అది అక్కడ బతుకుతున్నట్టు కాదు. తోడుగా ఆర్ఎన్ఏ తీయండి, ఎర్గోస్టెరాల్ (శిలీంధ్రాల కణపొరలో ఉండే పదార్థం) కొలవండి, వేరుకొసలను కళ్లతో చూసి లెక్కపెట్టండి. ఇంకోటి, బొగ్గుపొడి డీఎన్ఏను పీల్చేసుకుంటుంది. నమూనాలో డీఎన్ఏ తక్కువ వచ్చిందంటే శిలీంధ్రాలు తక్కువని వెంటనే రాసేయకుండా, తెలిసిన మొత్తం డీఎన్ఏను కలిపి ఎంత తిరిగి వస్తోందో చూసుకోండి. కల్చర్లు 25 డిగ్రీల దగ్గర పెడితే మీకు దొరికేవి ఎక్కువగా వేగంగా పెరిగే మామూలు బూజులే. 4 డిగ్రీల దగ్గర, 10 డిగ్రీల దగ్గర పెట్టి వారాల తరబడి ఓపిక పట్టండి.

చల్లడం ఎందుకు వద్దంటున్నానో ఈపాటికి అర్థమై ఉంటుంది. పీహెచ్ 3 ఉన్న, ఎండిపోయే, తిండి లేని రాళ్లమీద ల్యాబ్‌లో తీపి పోషకాలతో పెంచిన శిలీంధ్రాన్ని పోయడం చేపను ఒడ్డున వదలడమే. ఒకవేళ అది బతికినా ఇంకో సమస్య. బెల్జియంలో జింక్ స్మెల్టర్ల దగ్గర పెరిగే సుయిల్లస్ ల్యూటియస్ అనే పుట్టగొడుగు, శుభ్రమైన నేలలో పెరిగే అదే జాతికంటే జింక్‌ను చాలా ఎక్కువ తట్టుకుంటుంది. అంటే పనికొచ్చే ఓర్పు అక్కడి స్థానిక శిలీంధ్రాల్లోనే తయారవుతుంది, బయటినుంచి తెచ్చినదానికి అది ఉండదు. పైగా స్వాల్‌బార్డ్‌లో పర్యావరణ చట్టం ప్రకారం పరాయి జీవులను అనుమతి లేకుండా వదలడం కుదరదు. ఆ నిబంధన సరైనదేనని నా గట్టి అభిప్రాయం. అంత పలుచటి జీవజాలం ఉన్న చోట పరాయి శిలీంధ్రాన్ని వదిలి తర్వాత వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

కాబట్టి ప్రాజెక్టును తిరగేయండి. శిలీంధ్రాన్ని మార్చకుండా గుట్ట ముక్కను మార్చి చూడండి. ఒకే గుట్ట నుంచి తెచ్చిన వ్యర్థాన్ని చిన్న డబ్బాల్లో పెట్టి, కొన్నిటికి సున్నపురాయి పొడి కలపండి, కొన్నిటి మీద ముతక రాళ్లు పేర్చి నీడ, తేమ నిలిచేలా చూడండి, కొన్నిటిలో పక్కనున్న టండ్రా మట్టిని చెంచాడు వేయండి, కొన్నిటికి అన్నీ ఇవ్వండి, కొన్నిటిని ఏమీ చేయకుండా వదిలేయండి. నా అంచనా ప్రకారం సున్నం, తేమ కలిసిన డబ్బాల్లో టండ్రా మట్టి వేసినా వేయకపోయినా తేడా మీరు అనుకున్నంత ఉండదు. ఉంటే అది ఇంకా ఆసక్తికరమైన ఫలితం, తప్పకుండా రాయండి.

క్షేత్రానికి వెళ్లే అవకాశం వస్తే గుట్ట శిఖరం, వాలు, పాదం, అంచు, దూరపు టండ్రా వరుసగా ఒక గీత మీద నమూనాలు తీయండి, మంచు కరిగేటప్పుడు ఒకసారి, వేసవి చివర ఇంకోసారి. ప్రతిచోటా పీహెచ్, తేమ, కరిగిన లోహాలు కొలవకుండా శిలీంధ్రాల జాబితా ఒక్కటే తెస్తే దానితో ఏమీ చెప్పలేం. అనుమతుల పని ముందే మొదలుపెట్టండి. స్వాల్‌బార్డ్‌లో 1945, అంతకుముందు నాటి మనుషుల కట్టడాలు, వస్తువులు, ఆనవాళ్లన్నీ రక్షిత వారసత్వం. పాత గని కట్టడాలు అందులోకే వస్తాయి కాబట్టి పాత గుట్టలో పార దించేముందు గవర్నర్ కార్యాలయాన్ని అడగాలి. అది తేలేలోపు, మీ విభాగంలో ఎవరైనా ఇదివరకు తెచ్చి ఫ్రీజర్‌లో ఉంచిన నమూనాలు ఉన్నాయేమో కనుక్కోండి. 10 డిగ్రీల ఇంక్యుబేటర్ ఒకటి దొరికితే డబ్బాల ప్రయోగానికి ముందస్తు ట్రయల్ వాటితోనే చేసుకోవచ్చు. ఫ్రీజర్‌లో కొన్ని జాతులు చచ్చి ఉంటాయి కాబట్టి, అసలు ఫలితాలు మాత్రం తాజా నమూనాలతోనే రాయండి.